రాయబారుల వాకిట్లో మా పెదనాయన

మా పెదనాయన పోయాడు. ఆ కబురు గిద్దలూరు నుంచి మార్కాపురం చేరేసరికి దహనం కూడా అయిపోయింది. పొద్దుటి రైల్లో వచ్చిన గొర్రెల బేరగాడొకాయన మా బడి స్టాఫు రూము కిటికీ దగ్గర నిలబడి, "అయ్యవారూ, మీ ఎదురింటి జమేదారు నిన్న పొద్దున పోయినాడు. మీకు చెప్పమన్నారు" అని, తన పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు. నేను లేచి వెళ్లి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. కోపం వచ్చిందని మాత్రం గుర్తుంది.

ఈ కోపం చల్లారాక నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. నెల దాటినా చల్లారలేదు. పోయినవాళ్ల గురించి మంచి చెప్పి దణ్ణం పెట్టి ఊరుకోవడం మర్యాద. బతికుండగా ఆయనకు ఆ మర్యాద చూపించినవాళ్లు లేరు. చూపించనివాళ్లలో నేనూ ఒకణ్ణి. కాబట్టి చదివేవాళ్లు నా గొంతు పెరిగితే మన్నించాలి.

ఆయన నాకు వరసకే పెదనాయన. రక్తసంబంధం లేదు, ఎదురిల్లు. మా నాయన చిన్నతనంలో రెండేళ్లు వరసగా వానలు లేక కొండవార పల్లెలన్నీ ఎండిపోయినప్పుడు, ఈయన ఉన్న మేకలు అమ్మేసి మద్రాసు రైలెక్కి, అక్కడి నుంచి ఓడెక్కి పరాయి దేశం పోయాడు. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. "ఆ ఉప్పు తిన్నా నాయనా. దాని పేరు పెట్టి బజారున వెయ్యొద్దు" అని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఆయనకిచ్చిన మాటల్లో ఇదొక్కటైనా నిలబెట్టుకోవాలి.

అక్కడ రేవులో మూటలు మోశాడు. తెలుగు, అరవం, ఉర్దూ, ఆ దేశపు భాష నాలుగూ నోటికి వచ్చాయి. మన కూలీల బాగోగులు చూడటానికని తెల్లవాళ్ల ప్రభుత్వం అప్పట్లో ఒక ఏజెంటును పెట్టింది. కూలీలు చెప్పేది ఏజెంటుకు, ఏజెంటు చెప్పేది కూలీలకు తెలియాలి కదా, అందుకని ఈయన్ని బిళ్ల బంట్రోతుగా తీసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక అదే బంగళా మన రాయబారి కార్యాలయం అయింది. ఈయన జమేదారయ్యాడు, అంటే బంట్రోతులకు పెద్ద. తలుపులు తెరవాలి, వచ్చినవాళ్లను వరండాలో కూర్చోబెట్టాలి, తాళాలన్నీ తన దగ్గర ఉంచుకోవాలి. అట్లా ఇద్దరు ఏజెంట్లకు, ఇద్దరు రాయబారులకు ఆయన తలుపు తెరిచాడు. రెండో రాయబారి కాలంలోనే కొలువు పోయి, పెద్దమ్మను వెంటబెట్టుకుని గిద్దలూరు వచ్చేశాడు.

ఊళ్లో ఆయన్ని చూసి నవ్వేవాళ్లు. అరుగు మీద కూర్చున్నా వెన్ను గోడకు ఆనించేవాడు కాదు. ఇంటికి ఎవరొచ్చినా, పాలబేరం చేసే మనిషైనా సరే, లేచి తలుపు రెక్క పట్టుకుని వాళ్లు లోపల కాలుపెట్టేదాకా నిలబడేవాడు. "ఏంది జమేదారూ, మేమేమన్నా గవర్నర్లమా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన నవ్వి, "గవర్నరు కూడా మనిషేగా" అనేవాడు.

పెద్దమనుషుల్ని ఆయన కొలిచే పద్ధతి వేరు. "మనిషి ఎట్లాంటోడో కుర్చీలో కూచున్నప్పుడు తెలీదు నాయనా. వాడి వరండాలోకి పోయి చూడు. ఎవుర్ని ఎంతసేపు నిలబెట్టినాడో చూడు, చాలు" అనేవాడు. మొదటి ఏజెంటు తెల్లదొర. ఆదివారం పూట కూలీల పాకలకు వెళ్లి, తాగే నీళ్ల కుండలో చెయ్యి పెట్టి చూసేవాడట. రెండో ఏజెంటు మనవాడే, వాసన పడదని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడట. మొదటి రాయబారి జైళ్లకు పోయొచ్చిన ముసలాయన. గొడుగు తనే పట్టుకునేవాడు, తలుపు తనే తీసుకునేవాడు. "ఎంత మంచోడో! కానీ నా పని లాక్కున్నాడు. వారం దినాలు నాకు అన్నం సయించలా" అని పెదనాయన చెబుతుంటే నేను కడుపుబ్బ నవ్వేవాణ్ణి. రెండో రాయబారి చాలా చదువుకున్నాయన. గదిలో నుంచి బయటికి వచ్చేవాడు కాదు. వరండాలో జనం పెరుగుతూ ఉండేవారు.

ఇదంతా ఎక్కడికీ పోకూడదనిపించింది నాకు. మార్కాపురంలో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు గిద్దలూరు పోయినప్పుడల్లా ఆయన చెబుతుంటే రాసుకున్నాను. మూడు పెద్ద నోటుబుక్కులు నిండాయి. పెద్దమ్మ మాకు కాఫీ ఇచ్చి, గడప అవతల కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉండేది. మూడో నోటుబుక్కులో రాసింది ఇదీ.

రేవులో పని దగ్గర గొడవ మొదలై, ఆ ఊరివాళ్లు కర్రలు పట్టుకుని మన కూలీల పాకల మీద పడ్డారు. పాకలు అంటించారు. జనం పిల్లల్ని చంకనేసుకుని మన బంగళాకు పరుగెత్తుకొచ్చారు. మన జెండా ఎగిరేది అక్కడే కదా. రాయబారి ఊళ్లో లేడు. చిన్న ఆఫీసరొకాయన ఉన్నాడు. ఆయన కిటికీలోంచి చూసి, "పైనుంచి ఆర్డరు వచ్చేదాకా గేటు తెరవొద్దు" అన్నాడు. తాళంచెవులు పెదనాయన నడుముకున్నాయి.

"నిలబడినా నాయనా" అన్నాడు పెదనాయన. అప్పుడు ఆయన చూపు నా మీద లేదు. "గోడ గడియారం లోపల ఉండాది. పెద్దముల్లు పైన ఉన్నెప్పుడు నిలబడినా, కిందికి వచ్చిందాకా నిలబడే ఉన్నా. గేటవతల వాళ్లు నా పేరు పెట్టి పిలస్తన్నారు. ఆర్డరు వస్తాదని చూసినా. అరగంట. కర్రలోళ్లు వచ్చినారు. అప్పుడు తెరిచినా. ఆర్డరు ఇప్పటికీ రాలా."

లోపలికి వచ్చినవాళ్లు వందమందికి పైనే. గేటు అవతల కర్రదెబ్బలకు పడి ప్రాణం పోయినవాళ్లు ఆరుగురు. ఆజ్ఞ మీరి గేటు తెరిచాడని ఆయన్ని కొలువులో నుంచి తీసేశారు. దానికి ఆయన ఎప్పుడూ బాధపడలేదు. ఆ అరగంట మాత్రం ఆయన్ని వదల్లేదు. "నన్ను తీసేసింది తెరిచినందుకు. తీసెయ్యాల్సింది ఆలస్యంగా తెరిచినందుకు" అనేవాడు.

ఇక నేను చేసిన పని చెబుతాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్త. మన రాష్ట్రం, మన చరిత్ర అని ఎక్కడ చూసినా ఉత్సాహంగా ఉండేది. పరాయి దేశాల్లో మన రాయబారుల గురించి, అక్కడి తెలుగువాళ్ల గురించి ఒక ప్రొఫెసరు పుస్తకం రాస్తున్నాడని, వివరాలు తెలిసినవాళ్లు తెలపాలని పత్రికలో చూశాను. ఉత్తరం రాసింది నేనే. ఆయన జీపులో వచ్చాడు. గిద్దలూరు ప్రయాణికుల బంగళాలో దిగి, మూడు రోజులు పెదనాయనతో మాట్లాడాడు. పెద్దమ్మ వండిన జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి ఇష్టంగా తిన్నాడు. వెళ్లేటప్పుడు, పెదనాయన తన పెట్టెలో దాచుకున్న నోటుబుక్కులు అడిగాడు. పెదనాయన నావైపు చూశాడు. "ఇవ్వు పెద్నాయనా, అచ్చులో వస్తాది" అన్నాను.

ఆయన ఒక్కటే అడిగాడు ప్రొఫెసరును. "అయ్యా, నా పేరు వెయ్యకపోయినా ఏం లేదు. ఆ ఆరుగురి పేర్లు మాత్రం వెయ్యండి. వాళ్లూళ్లల్లో ఇప్పటికీ ఎదురు చూసేవాళ్లు ఉంటారు."

"తప్పకుండా" అన్నాడు ప్రొఫెసరు.

ఏడాదిన్నరకు పుస్తకం వచ్చింది. మా బడి లైబ్రరీకి ఒక ప్రతి పంపారు. స్టాఫు రూములో కూర్చుని చదివాను. ఏజెంటు నీళ్ల కుండలో చెయ్యి పెట్టడం, ముసలాయన గొడుగు, అన్నీ ఉన్నాయి. చాలాచోట్ల నేను రాసిన వాక్యాలే ఉన్నాయి. ఇవి ఎవరు చెప్పారో మాత్రం ఎక్కడా లేదు. గొడవ సంగతి దగ్గర ఇట్లా ఉంది: తాళంచెవులున్న నౌకరు ఒకడు భయపడి కనిపించకుండా పోవడం వల్ల గేటు తెరవడం ఆలస్యమై కొందరు చనిపోయారనీ, రాయబారి సమయానికి వచ్చి స్వయంగా గేటు తెరిపించి వందలమందిని కాపాడారనీ.

ఆ పేజీ అచ్చు తప్పేమో అన్నట్టు మూడుసార్లు చదివాను. తర్వాత ప్రొఫెసరుకు ఉత్తరం రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. ఫైల్లో చిన్న ఆఫీసరు రాసిన నివేదిక అట్లాగే ఉందట. చరిత్ర రాసేవాడు ఫైలును కాదని ఒక నౌకరు జ్ఞాపకాన్ని నమ్మలేడట. మూడు రోజులు ఆ నౌకరు జ్ఞాపకాన్నే నంజుకుని తిన్నాడు కదా! గొడుగు నమ్మాడు, నీళ్ల కుండ నమ్మాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఫైలు కావలసివచ్చింది. ఆ ఫైలు రాసిన చెయ్యి ఎవరిదో, ఎందుకు రాసిందో ఆలోచించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆరో తరగతి పిల్లలు చెబుతారు.

ఇంత కోపం ఉన్నవాణ్ణి, ఆ ఆదివారం గిద్దలూరు వెళ్లి ఏం చేశానో తెలుసా? అబద్ధం చెప్పాను.

"పుస్తకం వచ్చిందంట గదా. గేటు సంగతి రాసినాడా?" అన్నాడు పెదనాయన.

"రాసినాడు పెద్నాయనా."

"వాళ్ల పేర్లు?"

"ఉండాయి."

ఆయన కాసేపు నన్ను చూశాడు. "మంచిది" అని లేచి, పశువులకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. పెద్ద వయసులో ఆ మాట వింటే తట్టుకోలేడని నాకు నేనే చెప్పుకున్నాను. అది ఆయన మీద జాలి కాదు. ఉత్తరం రాసి పిలిపించిన నా సిగ్గు.

రెండు నెలలకు గ్రంథాలయ వారోత్సవాలకు ఆ ప్రొఫెసరే మార్కాపురం వచ్చాడు, మా బడిలోనే సభ. పెదనాయనకు కబురు చెయ్యలేదు. ఆయనే వచ్చాడు. తెల్ల తలపాగా చుట్టుకుని, ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, పెద్దమ్మతో కలిసి రైలు దిగి, స్టేషను నుంచి జట్కాలో వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు.

ప్రొఫెసరు గంటసేపు మాట్లాడాడు. రాయబారం అంటే ఎంత సున్నితమైన విద్యో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. అప్పుడు పెదనాయన లేచాడు. చేతులు కట్టుకుని, పెద్ద ఆఫీసరు ముందు నిలబడినట్టే నిలబడ్డాడు.

"అయ్యా, ఆ ఆరుగురి పేర్లు ఏ పేజీలో ఉండాయో కొంచెం చెబుతారా?"

ప్రొఫెసరు గుర్తుపట్టనట్టు చూశాడు. గుర్తుపట్టాడు, నాకు తెలుసు. "కూర్చోండి పెద్దాయనా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

"తర్వాత అంటే ఎప్పుడయ్యా? నేను భయపడి దాక్కున్నానని రాసినారు. రాసుకోండి. ఆ పేర్లు ఎందుకు వెయ్యలేదు?"

అంటే ఆయనకు అంతా తెలుసన్నమాట. గిద్దలూరులో ఎవరో చదివి వినిపించి ఉంటారు. తెలిసి కూడా నా అబద్ధాన్ని రెండు నెలలు నా ముఖాన కొట్టకుండా దాచుకున్నాడు. వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి. "ఎవరీ ముసలాయన?" అన్నారెవరో. హెడ్మాస్టరు నావైపు తిరిగి, బయటికి తీసుకెళ్లమని చేత్తో సైగ చేశాడు.

లేచి, "నేను రాసుకున్నవే ఆ మాటలు, ఆయన చెప్పేది నిజం" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నా ఉద్యోగం పోయేది కూడా కాదు. మహా అయితే బదిలీ. నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "రా పెద్నాయనా, బయటికి పోదాం" అన్నాను. ఆయన వచ్చాడు. పెద్దమ్మ వెనకే వచ్చింది.

బడి బయట పలకల ఫ్యాక్టరీకి పోయే బండి ఆగి ఉంది. దాని నీడలో నిలబడి ఆయన తలపాగా తీసి దులుపుకున్నాడు. నేను ఏదో చెప్పబోయాను.

"నీకు ఆర్డరు వచ్చిందా నాయనా?" అన్నాడు.

తిట్టలేదు. ఎగతాళి కూడా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. నేను తలవంచుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పర్వాలేదులే. నేనూ నిలబడినోణ్ణే. కాకపోతే ఎక్కువసేపు నిలబడొద్దు. అలవాటైపోతాది" అన్నాడు. ఇద్దరూ జట్కా ఎక్కి స్టేషనుకు పోయారు.

ఆ తర్వాత ఆయన నాలుగు నెలలు బతికాడు. ఆ నాలుగు నెలల్లో నేను గిద్దలూరు వెళ్లలేదు. పరీక్షలు, పేపర్లు దిద్దడం అని కారణాలు చెప్పుకున్నాను. ఒక పత్రికకు ఉత్తరం రాయడం మొదలుపెట్టి, హెడ్మాస్టరు ఏమంటాడోనని సగంలో ఆపేశాను. ఇంతలో గొర్రెల బేరగాడు కిటికీ దగ్గరికి వచ్చాడు.

నోటుబుక్కులు తిరిగి పంపమని ప్రొఫెసరుకు రాశాను. ఆఫీసు మారినప్పుడు ఎక్కడో కలిసిపోయాయని జవాబు వచ్చింది. ఎంత తేలిగ్గా రాశాడు! ఒక మనిషి బతుకంతా ఆయన బీరువాలో కాగితాల మధ్య కలిసిపోయింది. ఆయన పుస్తకం మాత్రం ప్రతి బడిలో ఉంది. మా పిల్లలు దాంట్లోంచి వ్యాసాలు రాస్తున్నారు. రాయబారి గేటు తెరిపించిన ఘట్టానికి మార్కులు వేయాల్సింది నేనే. పోయిన వారం ఒక కుర్రాడు రాసిన ఆ పేరా మొత్తం ఎర్రసిరాతో కొట్టేశాను. వాడు ఏడ్చాడు. వాడిదేం తప్పు? వాణ్ణి పిలిచి అసలు జరిగింది చెప్పాను. మిగతా తరగతికీ చెప్పాను. హెడ్మాస్టరుకు తెలిసింది. తెలియనీ.

ఆదివారం గిద్దలూరు వెళ్లాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు, రమ్మనీ అనలేదు. పక్కన కూర్చున్నాను. మూడో నోటుబుక్కు పోయింది పెద్దమ్మా, మళ్లీ రాస్తాను, ఆ ఆరు పేర్లలో నాలుగే గుర్తున్నాయి అన్నాను. ఎంత సిగ్గుచేటో చూడండి. నా చేత్తో రాసిన పేర్లే నాకు గుర్తు లేవు.

"నన్నెప్పుడన్నా అడిగినావా?" అంది.

"ఏంది పెద్దమ్మా?"

"మూడు బుక్కులు రాసినావు. ఆ ప్రొఫెసరు మూడు దినాలు కూచున్నాడు. నన్ను ఒక్కరన్నా అడిగినారా? నేను యాడున్నా అప్పుడు? ఆ బంగళా వెనకింట్లో గదా. ఆ ఆరుగురికి కడసారి నీళ్లు పోసింది ఎవురనుకున్నావు? వాళ్ల పేర్లు ఆయనకు చెప్పింది ఎవురు? నేనే. ఒక్కొక్కరి అయినోళ్ల దగ్గరికి పోయి అడిగి తెలుసుకున్నా."

ఏళ్ల తరబడి ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ, గడపకు ఇవతల కూర్చుని ఆయన చెప్పింది మాత్రమే రాసుకున్నాను. ప్రొఫెసరు మీద ఇంత కోపం పెంచుకున్నవాణ్ణి, ఆమె ఎదురుగా మాత్రం నేనూ ప్రొఫెసరునే.

"చెప్పు పెద్దమ్మా" అని సంచిలోంచి కాగితాలు తీశాను.

ఆమె చీరచెంగుతో ముఖం తుడుచుకుని, ఒక్కొక్కటే చెప్పింది. రాచర్ల ఓబులేసు. వాని చెల్లెలు మాలకొండమ్మ. ముండ్లమూరు నుంచి వచ్చిన ఆంజనేయులు, పెళ్లయి ఏడాది కాలేదు. కంభం దూదేకుల కాశిం, పాటలు బాగా పాడేవాడు. వెలిగండ్ల పిచ్చమ్మ.

"ఆమె బిడ్డ" అని నేను రాయబోయాను. నోటుబుక్కులో అట్లాగే రాసిన గుర్తు.

"ఆమె బిడ్డ అని రాయొద్దు" అంది పెద్దమ్మ. "దానికి పేరు పెట్టినారు. ఇరవయ్యొకటో దినం బారసాలకు నేనూ పోయినా. ఊయల్లో వేసినప్పుడు చెవిలో నేనే చెప్పినా..."

అప్పుడే నంద్యాల వైపు పోయే రైలు కూత వేసింది. మా వీధి పట్టాలకు దగ్గర. ఇంజను వస్తుంటే గోడలు అదురుతాయి, ఎదుటి మనిషి మాట వినపడదు. పెద్దమ్మ ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తింది. నేను కలం కాగితం మీద ఆనించి ఉంచాను. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. గూడ్సు బండి, చాలా పొడుగు. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. ఆ పేరు ఆ చప్పుడులో పోకూడదని, చివరి పెట్టె దాటేదాకా ఆ చెయ్యి అట్లాగే ఎత్తి పట్టుకుని కూర్చుంది.